ముఖ్య అతిథి గెలిచిన ఆట

మన మన్యంలో ఆటల గురించి పేపర్లో పడే వార్తకు ఒక అచ్చు ఉంది. ఆశ్రమ పాఠశాలల క్రీడలైనా, సంక్రాంతి వాలీబాల్ పోటీలైనా, మండల స్థాయి కబడ్డీ అయినా ఆ అచ్చులోంచే వస్తుంది. పదేళ్లుగా బడి నోటీసు బోర్డుకు అంటించిన కత్తిరింపులన్నీ ఒకచోట పెట్టుకుని చదివి, వాటి సారం కలిపి ఇక్కడ ఒకే వార్తగా రాస్తున్నాం. ఏ పత్రికా నొచ్చుకోనక్కర్లేదు, ఇది ఏ ఒక్కరిదీ కాదు.

"విద్యార్థులు చదువుతో పాటు క్రీడల్లోనూ రాణించాలని ముఖ్య అతిథి అన్నారు. క్రీడలు మానసికోల్లాసాన్ని, శారీరక దృఢత్వాన్ని ఇస్తాయన్నారు. గెలుపోటములను సమానంగా తీసుకోవాలన్నారు. అంతకుముందు ఆయన జ్యోతి ప్రజ్వలన చేసి క్రీడాకారులను పరిచయం చేసుకున్నారు. కార్యక్రమంలో..." ఆ తర్వాత తొమ్మిది పేర్లు, తొమ్మిది హోదాలు. చిట్టచివర, చోటు మిగిలితే, "బాలికల కబడ్డీలో ఫలానా జట్టు ప్రథమ స్థానంలో నిలిచింది."

ఇందులో ఆట ఎక్కడుంది? ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారు? ఎవరిని ఓడించారు? ఓడిన పిల్లలు ఏ ఊరివాళ్లు? గెలిపించిన పిల్ల పేరేమిటి? ఒక్కదానికీ జవాబు దొరకదు. మూడు రోజులు ఎండలో ఆడినవాళ్లు 'ఫలానా జట్టు' అయిపోయారు. అరగంట కుర్చీలో కూర్చున్నాయన పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఉంది. ఈ వార్త చదివిన ఎవరికైనా ఆ రోజు గెలిచింది ముఖ్య అతిథే అనిపిస్తుంది.

విలేకరిని తిట్టి ఊరుకుందామంటే అది సులువైన పని. ముందు అతని పరిస్థితి చూడాలి. 1974లో విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలైంది. 1989లో అదే పత్రిక జిల్లాకో చిన్న పత్రిక వేయడం మొదలుపెట్టాక తెలుగు పత్రికల తీరే మారింది. 2008లో 'సాక్షి' ఒకేసారి 23 చోట్ల నుంచి వచ్చింది. ఇంత పోటీ పెరిగాక ప్రతి మండలంలోనూ ప్రతి పత్రికకూ ఒక మనిషి కావాల్సి వచ్చాడు. అతన్నే కంట్రిబ్యూటర్ అన్నారు. నెల జీతం ఉండదు, అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే డబ్బే. పంద్రాగస్టుకి, గణతంత్ర దినానికి, కొత్త సంవత్సరానికి ప్రకటనలు తెమ్మంటారు. ఆ ప్రకటనలు ఇచ్చేదెవరు? ఆ వేదిక మీద కుర్చీల్లో కూర్చున్నవాళ్లే. అందుకే తొమ్మిది పేర్లలో ఒక్కటి తప్పినా మర్నాడు ఫోన్ వస్తుంది. కబడ్డీ పిల్ల పేరు తప్పితే అడిగే నాథుడు ఉండడు.

పైగా నగరంలో ఉన్నట్టు ఇక్కడ క్రీడా విలేకరి అంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు. డోలీ మోతలు, గంజాయి కేసులు, ఘాట్ రోడ్డు ప్రమాదాలు, కాఫీ ధరలు, సంతలు, ప్రజాప్రతినిధుల పర్యటనలు అన్నీ ఒక్కడే. ఫొటో పంపాలంటే సిగ్నల్ దొరికే మలుపు దాకా బండి మీద పోవాలి. పెదబయలు, ముంచంగిపుట్టు లోపలి ఊళ్లలో పనిచేసే టీచర్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. డెస్కు వాళ్లకు సాయంత్రానికల్లా వార్త చేరాలి. ఫైనల్ ఆటేమో సాయంత్రానికి గాని అవదు. అందుకే అతను పొద్దున్న ప్రారంభానికో, చివర బహుమతి ప్రదానానికో వస్తాడు. ఆట ఆ రెండింటి మధ్య జరుగుతుంది. 2020లో కరోనా వచ్చి కొన్ని పత్రికల జిల్లా అనుబంధాలు ప్రధాన పత్రికలోనే కలిసిపోయాక చోటు ఇంకా తగ్గింది.

ఇదంతా నిజమే. కానీ పేదరికంలో ఉన్న విలేకరి కూడా ఒక వాక్యం ఎంచుకుంటాడు. మేం మాట్లాడాలనుకుంటున్నది ఆ వాక్యం గురించే.

ఆదివాసీ పిల్లలు మండలం దాటి రాష్ట్రానికో, దేశానికో ఆడితే అచ్చు మారుతుంది. అప్పుడు ముఖ్య అతిథి పోయి 'అడవి బిడ్డ' వస్తుంది. మట్టిలో మాణిక్యం, మన్యం ముద్దుబిడ్డ, గిరి పుత్రిక, గిరిజన కుసుమం, కొండల్లో మెరుపు. ఈ బిరుదులు పెట్టేవాళ్లు అభిమానంతోనే పెడతారు, అనుమానం లేదు. మరి విశాఖ నగరంలోంచి వచ్చిన క్రీడాకారిణిని 'కాంక్రీటు బిడ్డ' అని ఎందుకు అనరు? విజయవాడ నుంచి వచ్చిన విలుకాణ్ని 'కృష్ణా తీర కుసుమం' అంటారా? వాళ్లకు పేరు, ఆట, రికార్డు ఉంటే చాలు. మనవాళ్లకు మాత్రం పేరుకు ముందు చెట్టో, కొండో, పువ్వో తగిలించాలి. మనిషిగా కంటే ప్రకృతి ఫలంగా కనబడతాం కాబోలు, సీతాఫలంలాగా.

ఇందులో ఇంకో మెలిక ఉంది. "విలువిద్య ఆదివాసుల రక్తంలోనే ఉంది" అని రాస్తారు. వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. రాజస్థాన్ ఆదివాసీ విలుకాడు లింబారామ్‌ను చూడండి. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1992లో బీజింగ్‌లో ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. అతన్ని 1987లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు వెతికి పట్టుకుని తీసుకెళ్లి తర్ఫీదు ఇచ్చారు. చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టను కొట్టిన కన్ను అతనికి పనికొచ్చే ఉంటుంది, కాదనం. అయితే పోటీ విల్లు వేరు. దాని బరువు, దాని గురి, రోజుకు వందల బాణాలు వేసే ఓపిక, ఇవన్నీ నేర్చుకుంటే వచ్చాయి. 'రక్తంలోనే ఉంది' అని రాసేస్తే ఆ శ్రమ అంతా మాయమైపోతుంది. అంతకంటే ముఖ్యం, కోచ్ ఎందుకు లేడు, విల్లు ఎందుకు కొనలేదు అని అడిగే పని కూడా తప్పుతుంది. రక్తంలోనే ఉన్నదానికి బడ్జెట్ ఎందుకు?

మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, గురుకుల పాఠశాల విద్యార్థిని. వెంట ఖమ్మం ప్రాంతం నుంచి ఆనంద్ కుమార్. ఆ వార్త మన బడుల్లో గోడలకు ఎక్కింది, మంచిదే. దాన్ని పాఠంగా చెప్పినప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఆమె పేదరికం గురించి ఉండదు. "సార్, ఎక్కడ నేర్చుకుంది?" అని అడుగుతారు. భువనగిరి బండల మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్ దాకా వెళ్లి నేర్చుకుంది అని చెబితే వాళ్ల ముఖాలు మారతాయి. 'పేదింటి బిడ్డ ఎవరెస్టు ఎక్కింది' అని వింటే చప్పట్లు కొడతారు. 'ముందు భువనగిరిలో నేర్చుకుంది' అని వింటే మన చాపరాయి, మన గాలికొండ గుర్తొస్తాయి. ఒక వార్త చప్పట్లకు పనికొస్తుంది, ఇంకోటి పిల్లకు పనికొస్తుంది. మొదటి రకం మనకు దండిగా దొరుకుతోంది.

ఇక మన పాడేరు సంగతి. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. నేపాల్ 114 పరుగులు చేసింది. భారత్ ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. పాడేరు ప్రాంతం అమ్మాయి పాంగి కరుణ కుమారి 42 పరుగులు చేసింది. అవతలి ఒడిశా నుంచి వచ్చిన ఆదివాసీ అమ్మాయి ఫూలా సరెన్ 44 పరుగులతో చివరిదాకా నిలబడింది.  ప్రపంచ కప్ ఫైనల్లో గెలుపు పరుగుల్లో ఎక్కువ భాగం ఇద్దరు ఆదివాసీ అమ్మాయిల బ్యాట్ల నుంచే వచ్చింది. ఈ మాట ఇంత సూటిగా రాసిన వార్త మా కంట పడలేదు. మేం చదివినవాటిలో కళ్లు లేకపోవడం, కొండ మీద ఇల్లు, తల్లిదండ్రుల కష్టం, నాయకుల అభినందనలు ఉన్నాయి. ఆట లేదు.

అసలు ఆ ఆట ఎలా ఆడతారో తెలియకుండా 42 పరుగుల విలువ ఎలా తెలుస్తుంది? బంతిలో గింజల్లాంటి ఇనుప గుళ్లు ఉంటాయి, గలగలమంటుంది. బంతిని భుజం మీద నుంచి విసరరు, కింద నుంచి దొర్లించినట్టు వేస్తారు. పిచ్ సగం దాటకముందే అది నేలను తాకాలి. వేసే ముందు బౌలర్ 'రెడీ?' అని అడగాలి, బ్యాటర్ జవాబు చెప్పాలి. పదకొండు మందిలో కొందరికి అసలు చూపుండదు, కొందరికి కొంచెం, కొందరికి ఇంకొంచెం ఉంటుంది. ఏ రకం వాళ్లు ఎంతమంది ఉండాలో నియమం ఉంది. చూపు అసలు లేనివాళ్లు తీసిన పరుగుకు రెండు పరుగుల లెక్క. చెవితో బంతిని చూసి, నేలబారు బంతిని స్వీప్ కొట్టాలి. ఇది రాయడానికి ఎనిమిది వాక్యాలు పట్టింది. ఎనిమిది వాక్యాలు ఉంటే పాఠకుడు అయ్యో అనడం మాని ఓహో అంటాడు. క్రీడా విలేకరి పని అదే.

ఇంకో రకం వార్త ఉంది, దాని గురించి కాస్త జాగ్రత్తగానే మాట్లాడాలి. లోపలి ఊళ్లలో పోలీసు శాఖ వాలీబాల్, కబడ్డీ పోటీలు పెడుతుంది, కిట్లు పంచుతుంది. మన కుర్రాళ్లు ఇష్టంగా ఆడతారు. నెట్టు, బంతి ఎవరిచ్చినా నెట్టూ బంతే. చిక్కల్లా వార్త రాసే తీరులో ఉంది. "యువత పెడదారి పట్టకుండా క్రీడలు" అని శీర్షిక. ఆ ఊరి కుర్రాళ్లు ఏ పెడదారిలో ఉన్నారని? పొద్దున కాఫీ తోటలో పనిచేసి, సాయంత్రం గొడ్లను తోలుకొచ్చి, చీకటి పడేలోగా అరగంట వాలీబాల్ ఆడుకునేవాళ్లు. బంతి ఇవ్వకపోతే గంజాయికో, అడవిలోకో పోతారన్న అనుమానం ఆ శీర్షికలోనే ఉంది. కాకినాడలోనో, తెనాలిలోనో కుర్రాళ్లకు టోర్నమెంటు పెడితే అలా రాయరు. అక్కడ అది ఆట. ఇక్కడికొచ్చేసరికి శాంతిభద్రతల వార్త అవుతుంది, క్రీడల పేజీకి చేరనే చేరదు.

పేర్ల గోల ఒకటి. మన ఇంటిపేర్లు ఊరికే పెట్టుకున్నవి కావు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతాల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటికి పిల్లనివ్వచ్చు అన్నది ఆ పేరు చెబుతుంది. పేపర్లో పాంగి 'పంగా' అవుతుంది, వంతాల 'వంటల' అవుతుంది, ఒక్కోసారి ఇంటిపేరే ఎగిరిపోయి పిల్ల ఒంటిపేరుతో మిగులుతుంది. మా బడి పిల్ల ఒకమ్మాయి లాంగ్‌జంప్‌లో గెలిస్తే ఒక పేపర్లో ఇంటిపేరు మారి, ఊరు పక్క మండలానికి పోయింది. వాళ్ల నాన్న ఆ కాగితం చూసి, "ఇది మా పిల్ల కాదు మాస్టారూ, ఎవరో వేరే వాళ్ల పిల్ల" అన్నాడు. ఫొటో చూపించాక కూడా నమ్మకం కుదరలేదు. పదో తరగతి అయ్యాక ఆడపిల్లను ఆటకు పంపించాలా, పెళ్లి చేయాలా అని ఇంట్లో మాట నడుస్తున్నప్పుడు ఆ కాగితం ముక్క ఒక సాక్ష్యం. తప్పు పేరుతో ఉన్న సాక్ష్యం ఏ పెద్దమనిషి ముందు పెట్టగలం?

నిజానికి మన దగ్గర క్రీడా వ్యాఖ్యానం లేదనుకుంటే పొరపాటు. సంక్రాంతి తర్వాత ఏ ఊరి టోర్నమెంటుకైనా వెళ్లండి. నగదుతో పాటు మేకపోతును బహుమతి పెట్టే ఊళ్లున్నాయి. ఒడిశా, జార్ఖండ్ ఆదివాసీ ఊళ్లలో కూడా మేకపోతు కోసం హాకీ ఆడే పోటీలు పేరుమోసినవే, అక్కడి నుంచి దేశం జట్టుకు ఎంతమంది వచ్చారో చెప్పక్కర్లేదు. భారత మహిళల జట్టు నాయకురాలైన సలీమా టేటే ఊరున్న సిమ్డేగా అలాంటి నేలే. మన టోర్నమెంటులో మైకు పట్టుకున్న కుర్రాణ్ని వినండి. సగం ఆదివాసీ ఒడియా, సగం తెలుగు, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు. ఏ కుర్రాడు ఎడమచేత్తో కొడతాడో, ఎవడు మోకాలి నొప్పితో ఆడుతున్నాడో, కిందటేడు ఇదే జట్టు ఎవరి చేతిలో ఓడిందో, ఈసారి సర్వీసు చేసేవాడి మేనమామ అవతలి జట్టులో ఎందుకున్నాడో అన్నీ అతనికి తెలుసు. జనం నవ్వుతారు, కేకలేస్తారు, ఒప్పుకోకపోతే అక్కడికక్కడే గొడవ పెట్టుకుంటారు. స్కోరు తప్పు చెబితే మైకు లాక్కుంటారు. ఇంతకంటే గట్టి ఎడిటర్లు ఏ పత్రికకున్నారు? పేపరు విలేకరి అదే మైదానానికి వచ్చి, ఆ మైకు కుర్రాణ్ని ఒక్క మాట అడక్కుండా, వేదిక మీది పేర్ల చీటీ తీసుకుని వెళ్లిపోతాడు. మొత్తం వార్త ఆ కుర్రాడి నోట్లో ఉంది.

రాసే ఆదివాసి కూడా కొత్తేం కాదు. ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్. దేశానికి హాకీలో మొదటి స్వర్ణం ఆ ఏడాదే వచ్చింది. తర్వాత ఆదివాసీ మహాసభ నాయకుడిగా, రాజ్యాంగ సభలో మన గొంతుగా మనకు తెలుసు. ఆగస్టు 9న ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఆయన బ్రిటన్ పత్రికలకు హాకీ మీద వ్యాసాలు రాసిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. దొరల పేపర్లలో దొరల ఆట గురించి ఛోటానాగపూర్ కుర్రాడు తీర్పు చెప్పాడు. ఎవరు బాగా ఆడారో, ఎవరు ఆడలేదో ఆదివాసి రాస్తే లండన్‌లో చదివారు. అంత పాత సంగతి ఇది. మన కొండ దిగితే వచ్చే విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ' 1936లో ఇంగ్లాండ్‌కు క్రికెట్ జట్టును నడిపించి, తర్వాత రేడియోలో వ్యాఖ్యానం చేశాడు. ఆయన కథ తెలుగు క్రీడా పేజీల్లో ఏడాదికోసారైనా తిరుగుతుంది. జైపాల్ సింగ్ రాత కథ తిరగదు. ఆట తెలిసిన ఆదివాసీని ఊహించుకోగలరు, ఆటను తూచగల ఆదివాసీని ఊహించుకోవడం కష్టంగా ఉన్నట్టుంది.

2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు జిల్లా కేంద్రమైంది. అంతకుముందు మన వార్త విశాఖ జిల్లా పేజీలో ఏజెన్సీ అనే మూలన ఉండేది. ఇప్పుడు మనకో జిల్లా పేరు, జిల్లా వార్తలు ఉన్నాయి. వాటిలో అరకు ఉత్సవాలు, మంచు, బెలూన్లు, కాఫీ, థింసా ఫొటోలు బాగానే పడుతున్నాయి. థింసా ఆడే అక్కలు పేజీ నిండా కనబడతారు, కింద పేర్లు ఉండవు. ఆటల వార్తలకూ అదే గతి. చూడముచ్చటగా ఉంటే చాలు, ఎవరో తెలియక్కర్లేదు.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం. పక్క ఆశ్రమ పాఠశాలతో బాలికల కబడ్డీ ఆట చూసి, వంద మాటల్లో రాయమన్నాం. షరతులు మూడే. అతిథుల పేర్లు రాయకూడదు, 'సత్తా చాటారు' అనకూడదు, స్కోరు మొదటి వాక్యంలోనే ఉండాలి. చాలామంది మొదట్లో బిక్కమొహం వేశారు, 'సత్తా చాటారు' లేకుండా వార్త మొదలవదనుకున్నారు పాపం. ఒకమ్మాయి రాసింది దాదాపు ఇలా ఉంది:

"మా బడి 31, వాళ్లు 30. సగం ఆటకు మేం 14, వాళ్లు 19. వాళ్ల పొడుగు పిల్ల కూతకొచ్చిన ప్రతిసారీ బోనస్ గీత తొక్కి పోయింది, మా వాళ్లు ఆమె చేతులే చూశారు. రెండో సగంలో కాళ్లు చూడమని మూలన ఆడే పిల్ల అరిచింది. ఇంకా రెండు నిమిషాలుండగా మా వైపు ఇద్దరే మిగిలారు. పొడుగు పిల్ల మళ్లీ వచ్చింది. మూలన ఉన్న పిల్ల కూర్చుండిపోయినట్టు నటించి చీలమండ పట్టుకుంది. రెండోది మీద పడింది. రెండు పాయింట్లు. పొడుగు పిల్ల లేచి, ఆమె చేయి పట్టుకుని లేపింది. ఆమెకు మోచేయి గీరుకుంది."

ఇద్దరు ముగ్గురే మిగిలినప్పుడు పట్టేస్తే రెండు పాయింట్లు వస్తాయన్న నియమం ఆ పిల్లకు తెలుసు. ఆట ఎక్కడ తిరిగిందో తెలుసు, ఓడిన పిల్లనూ వదల్లేదు. పేర్లు కూడా రాసింది, ఇక్కడ మేమే తీసేశాం. ఈ వంద మాటలూ తెల్లకాగితం మీద రాయించి, కింద జట్టులోని అందరి పేర్లూ ఇంటిపేరుతో, ఊరితో పెట్టి మండల విలేకరులకు పంపాం. ఇద్దరు వేయలేదు. ఒకాయన వేశారు, చివర్లో ప్రధానోపాధ్యాయుడి పేరు కలిపి. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసి, "మాస్టారూ, మళ్లీ ఎప్పుడైనా ఆట ఉంటే ఆ అమ్మాయిచేతే రాయించి పంపండి, నాకు రావడానికి కుదరదు" అన్నారు.

ఇది చదివే టీచర్లు వచ్చే క్రీడల రోజుల్లో ఒక పుస్తకం, ఒక పెన్ను పట్టుకుని గీత పక్కన కూర్చునే పిల్లను ముందే ఎంచుకోండి. ఆడేవాళ్లలో ఎవరికైనా చేయి బెణికి కూర్చుని ఉంటే ఇంకా మంచిది, ఆమెకు ఆట లోపలి నుంచి తెలుసు. యువకులు తమ ఊరి టోర్నమెంటు మైకు మాటలు ఫోన్లో రికార్డు చేసి, ఆ రాత్రే కాగితం మీద పెట్టండి, ఆదివాసీ ఒడియాలో అన్నవి అలాగే ఉంచి. జట్ల పేర్లు, స్కోర్లు, ఊళ్లు, తేదీ వేసి ఒక నోటుబుక్కులో భద్రం చేయండి. మన మండలాల్లో కిందటేడు సంక్రాంతికి ఏ ఊళ్లో ఎవరు గెలిచారో రాసి ఉన్న పుస్తకం ఇవాళ ఒక్కటీ మా చేతికి దొరకలేదు.